నేను దిగిపోతున్నా.. రిజిస్టరు బల్లమీదే ఉంది

ఈ నెల 30న సాయంత్రం అయిదు గంటలకు నేను రిటైరవుతున్నా. నిజానికి నేను ఏ రోజు పుట్టానో మా అమ్మకే సరిగ్గా తెలీదు. 'వరినాట్లప్పుడు పుట్టావు' అనేది. బడిలో వేసిన రోజు మాస్టారు ఒకసారి నా మొహం చూసి, రిజిస్టర్లో జూలై 1 అని రాసేశారు. మా తరంలో చాలామంది పుట్టినరోజులు ఇలా బడులు తెరిచే రోజుల చుట్టూనే ఉంటాయి. ఒకటో తేదీన పుట్టినవాళ్లు అంతకుముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలన్నది సర్వీసు నిబంధన. అందుకే జూన్ 30.

తాగునీటి సరఫరా చూసే ఒక ప్రభుత్వ విభాగానికి జిల్లా స్థాయిలో అధిపతిని. 1988లో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరా. 38 ఏళ్లు. శాలువా, దండ, నాలుగు మంచి మాటలు, ఒక గ్రూప్ ఫొటో.. ఇవన్నీ ఆ రోజు ఉంటాయి. ఆ సభలో చెప్పలేని మాటలు కొన్ని ఉన్నాయి. అవి మీకు చెప్పాలని ఇది రాస్తున్నా. మీకే ఎందుకంటే.. గ్రూప్స్‌కో, ఏఈ పోస్టుకో, గ్రామ సచివాలయం ఉద్యోగానికో చదువుతూ ఈ పేజీ తిరగేసే మీరే కదా రేపు ఈ కుర్చీల్లోకి రావాల్సినవాళ్లు. రావాల్సిన రోజుకన్నా ఆలస్యంగా వస్తున్నవాళ్లు కూడా మీరే.

మొదటి మాట: నేను నాలుగేళ్లు ఎక్కువ కూర్చున్నా

నేను ఉద్యోగంలో చేరినప్పుడు రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58. ఆ లెక్కన 2022 జూన్ 30నే ఇంటికి పోవాలి. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని 60 చేసింది. 2022 జనవరి నుంచి 62 అయింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి పెంచారు. కేంద్ర ప్రభుత్వంలో 1998 నుంచి 60. ఈ వయసు ఎప్పుడూ పైకే పోతుందనీ కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 58ని ఒక్కసారిగా 55కి దించింది. అప్పుడు నేను ఇంజినీరింగ్ చదువుతున్నా. 'పెద్దవాళ్లు దిగితే మనకు ఉద్యోగాలొస్తాయి' అని హాస్టల్లో సంబరపడినవాళ్లలో నేనూ ఒకడిని. ఆ తర్వాత మళ్లీ 58 అయింది, ఆ సంబరం చల్లారింది. ముప్పై ఎనిమిదేళ్లకు అదే నేను 62 ఉత్తర్వు చూసి ఆఫీసులో స్వీట్లు పంచా. మనిషి ఎక్కడ నిలబడితే అక్కడి నుంచే చూస్తాడు. దీన్ని దాచుకోవడం ఎందుకు?

కిందటేడు ఒక పెళ్లిలో మా మేనల్లుడు నా పక్కన కూర్చున్నాడు. సివిల్ ఇంజినీరింగ్ చదివాడు. ఆరేళ్లుగా ఏఈ ఉద్యోగానికి ప్రిపేరవుతున్నాడు. ముప్పై ఒకటి దాటాయి. భోజనాల దగ్గర పప్పు కలుపుకుంటూ, నవ్వుతూనే అడిగాడు. "మామయ్యా, మీరింకా దిగలేదా?"

"వచ్చే జూన్ రా" అన్నా.

"మీరు దిగితే ఒక ఈఈ పైకెక్కుతాడు. ఆ ఈఈ ఖాళీలోకి ఒక డీఈ, ఆ డీఈ ఖాళీలోకి ఒక ఏఈ. అప్పుడు మాకొక పోస్టు ఖాళీ అవుతుంది. మీ పై మెట్టు కదిలితేగానీ మా కింద మెట్టు కదలదు మామయ్యా" అన్నాడు.

తమాషాకే అన్నాడు. కానీ ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఈ లెక్క అంత సూటిగా ఉండదు. ఒక ఖాళీ ఏర్పడినంత మాత్రాన నోటిఫికేషన్ వస్తుందన్న హామీ లేదు. ఆర్థిక శాఖ అనుమతి కావాలి, రోస్టర్ తేలాలి, కోర్టు కేసులు లేకుండా ఉండాలి. కొన్ని పోస్టులు ఏళ్లకేళ్లు ఖాళీగానే ఉంటాయి, కొన్ని ఔట్‌సోర్సింగ్‌లోకి పోతాయి. 62 ఏళ్లకు మనిషి పనికిరాకుండా పోతాడనీ నేననను. మా నాన్న తరంలో యాభై ఎనిమిదికి ముసలివాళ్లయ్యేవారు. ఇప్పుడు అలా లేదు. అనుభవానికి విలువ ఉంది. కాబట్టి 62 తప్పు, 58 ఒప్పు అన్నది నా వాదన కాదు. నేననేది వేరు. వరసలో నిలబడినవాడికి చెప్పకుండా వరసను రెండేళ్లు వెనక్కి జరిపారు. ఆ రెండేళ్లలో జీతం వచ్చింది మాకు, వయసు కరిగింది మీకు. ఆ బాకీ ఒకటి మా తరం మీద ఉంది. దాన్ని ఒప్పుకోకుండా మీకు 'కష్టపడండి, ఓపిక పట్టండి' అని చెప్పే హక్కు మాకు లేదు.

రెండో మాట: చింతచెట్టు నుంచి పదకొండు అడుగులు

మూడేళ్ల కిందట మే నెలలో నాకు ఆపరేషనైంది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నా. మే అంటే మా శాఖకు పరీక్షాకాలం. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు. కట్టేసేలోపు సమ్మర్ స్టోరేజీ చెరువులు నింపుకోవాలి. మళ్లీ కాలువకు నీళ్లు వదిలేదాకా ఆ నీటితోనే ఊళ్లన్నీ నడవాలి. అలాంటి రోజుల్లో ఒక పెద్ద పైపులైను పగిలింది. పగిలితే ఏం చేయాలి? ఆ ముక్కకు ముందున్న వాల్వు కట్టేసి, పక్క లైను వాల్వు తెరిచి, నీటిని చుట్టుతిప్పి పంపాలి. పక్క లైను ఉందని అందరికీ తెలుసు. దాని వాల్వు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాల్వు గుంత మట్టి కింద కప్పడిపోయింది.

ఆస్పత్రి మంచం మీద నుంచి ఫోన్లో చెప్పా. "మలుపు దగ్గర చింతచెట్టు ఉంటుంది. అక్కడి నుంచి కాలువ వైపు పదకొండు అడుగులు."

అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత "సార్, ఇక్కడ చింతచెట్టు లేదండీ. రోడ్డు పనిలో కొట్టేశారు" అన్నారు.

పద్నాలుగు ఊళ్లకు రెండు రోజులు నీళ్లు రాలేదు. ట్యాంకర్లు పెట్టాం. ట్యాంకరు దగ్గర బిందెలతో ఎలా ఉంటుందో ఊళ్లో పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు. రెండో రోజు రాత్రి జేసీబీతో రోడ్డు పక్కంతా తవ్వితే దొరికింది.

నేను తిరిగి ఆఫీసుకొచ్చిన రోజు అందరూ చుట్టూ చేరారు. "చూశారా సార్, మీరు తొమ్మిది రోజులు లేకపోతే జిల్లా ఆగిపోయింది" అన్నారు. నిజం చెబుతున్నా.. నాకు గర్వంగా అనిపించింది. ఇంటికెళ్లి మా ఆవిడకు కూడా చెప్పా.

రెండ్రోజుల తర్వాత కొత్తగా చేరిన ఒక అసిస్టెంట్ ఇంజినీరమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చింది. సంతకాలయ్యాక వెళ్లకుండా నిలబడింది. "ఏంటమ్మా?" అన్నా.

"సార్, ఆ వాల్వు అక్కడుందని ఎక్కడైనా రాసుందా? రాసుంటే చూపిస్తారా? నా సెక్షన్లో వాల్వులు కూడా నేర్చుకుందామని.."

ఆ అమ్మాయి నన్ను తప్పుపట్టడానికి అడగలేదు. నేర్చుకుందామనే అడిగింది. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. ఎక్కడా రాసిలేదు. 1990ల్లో లైను వేసినప్పుడు గీసిన డ్రాయింగులు ఆఫీసు మారినప్పుడు పోయాయి. మిగిలింది నా తలకాయలో ఉన్నదీ, ఎప్పుడో రిటైరైన ఒక ఫిట్టర్ తలకాయలో ఉన్నదీ. నేను గొప్పనుకుంటున్నది అసలు నా తప్పు. ముప్పై అయిదేళ్లు జీతం తీసుకుని, ప్రభుత్వం సొమ్ముతో నేర్చుకున్న సంగతులు నా సొంత ఆస్తిలా దాచుకున్నా. దాచుకోవాలని కాదు. రాసే తీరిక లేదని నాకు నేనే చెప్పుకున్నా. ఇంకొంచెం లోతుగా వెళితే.. నాకొక్కడికే తెలిసింది ఉన్నంతకాలం నాకు ఫోన్లొస్తూనే ఉంటాయి. ఆ ఫోన్లంటే నాకిష్టం.

మూడో మాట: ఇన్నాళ్లకు అడిగారు

ఆ ఫిట్టర్ పెద్దాయన గురించి చెప్పాలి. 1988లో నేను చేరిన మొదటి వారం. తలనిండా పైపుల్లో ఘర్షణ నష్టం లెక్కగట్టే డార్సీ-వైస్‌బాక్ సూత్రం పెట్టుకుని సైటుకెళ్లా. ఆయన చేతికి వాల్వు తాళం ఇచ్చి "తిప్పండి ఏఈ గారూ" అన్నాడు. బలమంతా పెట్టి గబగబా తిప్పేశా. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "నెమ్మదిగా బాబూ. నీళ్లు పరుగెత్తుతున్నాయి. టక్కున తలుపేస్తే గోడకు గుద్దుకుంటాయి, ఎక్కడో పైపు చీలుతుంది" అన్నాడు. వాటర్ హ్యామర్ అని నేను పుస్తకంలో చదివిందే. కానీ చదివింది చేతికి దిగలేదు. ఆ రోజు దిగింది.

ఆయన రిటైరైన రోజు మేం శాలువా కప్పాం. ఫొటో దిగాం. ఆయనకు తెలిసింది మాత్రం అడగలేదు.

ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లా. కళ్లు సరిగా కనిపించడం లేదు. ఆటోలో ఎక్కించుకుని లైను వెంట తిప్పాం. ఆయన దిగి, గునపంతో నేలమీద కొట్టి, శబ్దం విని "ఇక్కడ తవ్వండి" అనేవాడు. ఒకట్రెండు చోట్ల తప్ప అన్నీ దొరికాయి. ఆ అమ్మాయి, ఆమెతోపాటు ఇంకో ఇద్దరు కుర్రాళ్లు ప్రతిచోటా ఫోన్లో లొకేషన్ పట్టుకుని, ఫొటో తీసి, పక్క గోడమీద ఎర్ర రంగుతో నంబరు వేశారు. ఏ వైపు తిప్పితే మూసుకుంటుంది, ఎన్ని చుట్లు పడుతుంది, కడితే ఏ ఊరికి నీళ్లు ఆగుతాయి.. అన్నీ రాశారు. మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు పెద్దాయన అన్నాడు. "ఇన్నాళ్లకు అడిగారు బాబూ. నాతోనే పోతుందేమో అనుకున్నా."

ఆ మాటలో కోపం లేదు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. జిల్లా అంతా పూర్తవడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ రిజిస్టరు నా బల్లమీద ఉంది. దాని కాపీ ప్రతి సెక్షన్లో ఉంది. ఈ ఉద్యోగంలో ఎన్నో ట్యాంకుల శిలాఫలకాల మీద నా పేరుంది. ఆ రిజిస్టర్ మీద లేదు. నా పనుల్లో ఎక్కువ కాలం పనికొచ్చేది మాత్రం అదే అనుకుంటున్నా.

నాలుగో మాట: 'ఇంకో ఏడాది ఉండండి'

పోయిన నెల పైనుంచి కబురొచ్చింది. "మీ అనుభవం వదులుకోలేం. రిటైరయ్యాక ఒక ఏడాది కన్సల్టెంట్‌గా ఉండండి. గది అదే, బండి అదే" అన్నారు. ఇంట్లో చెప్పా. ఫ్లాటు లోను ఇంకా రెండేళ్లుంది. మా ఆవిడ "వాయిదాలున్నాయి కదండీ, ఆలోచించండి" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. నాలుగు రోజులు ఆలోచించా. వద్దని చెప్పా.

ఇది త్యాగమని అనుకోకండి. నేను 1988లో చేరినవాణ్ని కాబట్టి పాత పింఛను వస్తుంది. రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మరి ఎందుకు వద్దన్నానంటే.. నేను అదే గదిలో కూర్చుంటే కొత్తగా వచ్చే అధికారి ప్రతి సంతకానికి ముందు నా మొహం చూస్తాడు. కాంట్రాక్టర్లు నా గది గుమ్మం వదలరు. కింది ఇంజినీర్లు ఎవరి మాట వినాలో తెలియక నలుగుతారు. తప్పు జరిగితే సంతకం ఆయనది, సలహా నాది. ఇలాంటి ఏర్పాటును నేను సర్వీసులో రెండుసార్లు చూశా. రెండుసార్లూ నష్టపోయింది కొత్తవాడే.

మీరు ఇక్కడ ఒక ప్రశ్న వేయొచ్చు. 'మరి శ్రీధరన్ సంగతేంటి?' అని. మంచి ప్రశ్న. మన కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన ఇ.శ్రీధరన్ 1990లో రైల్వే నుంచి రిటైరయ్యారు. ఆయన ఆ రోజే ఇంటికెళ్లి కూర్చుంటే కొంకణ్ రైల్వేకూ దిల్లీ మెట్రోకూ ఆయన నాయకత్వం ఉండేది కాదు. అంతకుముందు మోక్షగుండం విశ్వేశ్వరయ్య కూడా అంతే. 1908లో బొంబాయి ప్రెసిడెన్సీ సర్వీసు వదిలేశాక, మూసీ వరదతో కకావికలమైన హైదరాబాద్‌కు నిజాం ఆయన్ను పిలిపించుకున్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు దారి పడింది ఆయన సలహాలతోనే. రిటైరైనవాళ్లంతా ఇళ్లకు పోవాలన్న నియమం ఉంటే మనకు ఏం మిగిలేది?

కానీ ఒకటి గమనించండి. వీళ్లిద్దరూ పాత కుర్చీని పట్టుకుని వేలాడలేదు. పాత కుర్చీ ఖాళీ చేసి కొత్త పనికి వెళ్లారు. శ్రీధరన్ దిల్లీ మెట్రో పనుల దగ్గర గడువుకు ఇంకా ఎన్ని రోజులుందో చూపించే గడియారాలు పెట్టించారు. పనికి ముగింపు తేదీ ఉండాలన్నది ఆయన పద్ధతి. తనకూ ఆ తేదీ వచ్చినప్పుడు, 2011 డిసెంబరు 31న, ఆ సంస్థలోనే ఏళ్ల తరబడి పనిచేసిన మంగూ సింగ్‌కు బాధ్యత అప్పగించి వెళ్లిపోయారు. మరుసటి రోజు మెట్రో మామూలుగానే నడిచింది. పెద్దాయన గొప్పతనం వంతెనలూ సొరంగాల్లో ఎంత ఉందో, ఆ మరుసటి రోజులోనూ అంత ఉందని నాకనిపిస్తుంది. నా మే నెలతో పోల్చుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

అయిదో మాట: పాలకులకు

ప్రభుత్వంలో వేటిని ముందుగా అంచనా వేయలేం? వాన, వరద, ఎండ, ఎన్నికల కోడ్.. వీటన్నిటికీ ఎంతో కొంత అనిశ్చితి ఉంటుంది. అస్సలు అనిశ్చితి లేనిది ఒక్కటే. ఉద్యోగి రిటైరయ్యే తేదీ. పుట్టినతేదీ సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీలోనే ఉంటుంది. నేను ఏ రోజు దిగిపోతానో మా శాఖకు ఏళ్ల ముందే తెలుసు. అయినా నా స్థానంలోకి ఎవరొస్తారో ఈ రోజుకీ నాకు తెలీదు. అట్టడుగున ఖాళీ అయ్యే ఏఈ పోస్టుకు నోటిఫికేషన్ ఎప్పుడో అంతకన్నా తెలీదు.

వచ్చే అయిదేళ్లలో ఏ శాఖలో, ఏ నెలలో, ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయో లెక్కగట్టడానికి కమిటీ అక్కర్లేదు. జీతాల బిల్లులు చేసే సీనియర్ అసిస్టెంట్ ఒక పూటలో తీసిపెడతాడు. ఆ జాబితాను ఏటా బయటపెట్టండి. దాన్నిబట్టే జాబ్ క్యాలెండర్ వేయండి. అప్పుడు మా మేనల్లుడిలాంటివాళ్లు 'ఈసారి పడుతుందేమో' అని గాల్లో దీపం పెట్టుకుని కూర్చోరు. రెండేళ్లు చదవాలా, ప్రైవేటు ఉద్యోగం వెతుక్కోవాలా అన్నది లెక్క చూసుకుని నిర్ణయించుకుంటారు.

రెండోది.. కొత్తవాళ్లను పాతవాళ్లు వెళ్లాక కాదు, వెళ్లే ముందు తీసుకోండి. దిగిపోయేవాడూ ఎక్కేవాడూ కనీసం ఆర్నెల్లు కలిసి తిరగాలి. ఆర్నెల్లు రెండు జీతాలా అంటారు. రిటైరయ్యాక కన్సల్టెంట్ పేరుతో ఏడాది ఇస్తున్నారు కదా! ఆ డబ్బు ముందే ఖర్చుపెడితే జ్ఞానం చేతులు మారుతుంది. తర్వాత ఖర్చుపెడితే కుర్చీ మాత్రం మారకుండా ఉంటుంది.

చివరి మాట: మీకు

రేపు మీరు ఏ శాఖలో చేరినా నా తప్పుల నుంచి తీసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి.

* చేరిన మొదటి నెలలో మీ కింద పనిచేసే అతి పాత మనిషి ఎవరో కనుక్కోండి. ఫిట్టరో, అటెండరో, రికార్డు అసిస్టెంటో. వాళ్లతో నడవండి. పరీక్షలో మీకొచ్చిన ర్యాంకు వాళ్లకు అక్కర్లేదు. వాళ్లకు తెలిసింది మీకు కావాలి.

* ఎవరైనా 'అది నాకు తెలుసులే' అంటే అక్కడితో ఆగకండి. 'ఎక్కడ రాసుంది సార్?' అని మర్యాదగా అడగండి. ఆ ఒక్క ప్రశ్న నన్ను మార్చింది. పై అధికారిని అడగడానికి భయమేస్తుంది, నిజమే. ఆ అమ్మాయికీ వేసే ఉంటుంది.

* మీరు నేర్చుకున్నది వారానికి ఒక పేజీ రాయండి. డైరీలో కాదు, ఆఫీసు రిజిస్టర్లో. డైరీ మీతో ఇంటికొస్తుంది. రిజిస్టరు ఆఫీసులో ఉంటుంది.

* చిన్న కొలతలను చిన్నవిగా చూడకండి. పైపులైనులో ఆఖరి కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటారు. ట్యాంకు దగ్గర పరీక్షించి 'బాగుంది' అని రాసేయడం తేలిక. చివరి ఇంటిదాకా నడిచి పరీక్షించడం కష్టం. వాంతులూ విరేచనాలూ మొదలైతే ఆ ప్రమాదం ముందు చేరేది చివరి ఇంటికే. ఏ శాఖలోనైనా ఆ చివరి ఇల్లు ఎక్కడుందో కనుక్కోండి.

* డబ్బు సంగతి మొదటి జీతం నుంచే చూసుకోండి. ఇప్పుడు చేరేవాళ్లకు మా తరం పింఛను లెక్క వర్తించదు. రిటైర్మెంట్ మీకు మూడు దశాబ్దాల దూరంలో కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది.

* ఇంకొకటి, ప్రిపేరయ్యేవాళ్లకు. ఎన్ని ప్రయత్నాలు చేయాలో, ఏ వయసు దాకా చేయాలో ఒక తేదీ పెట్టుకోండి. మీకు మీరే పెట్టుకున్న రిటైర్మెంట్ తేదీ అనుకోండి. ప్రభుత్వం తన తేదీలు మార్చుకుంటూ పోతుంది. మీ ఇరవైలు మాత్రం ఎవరూ పొడిగించరు. మా మేనల్లుడికీ ఇదే చెప్పా. వచ్చే డిసెంబరు దాకా అన్నాడు. ఆ మధ్య ఒక నిర్మాణ సంస్థలో సైట్ ఇంజినీరుగా చేరి, పొద్దున్నే లేచి రెండు గంటలు చదువుకుంటున్నాడు. ఉద్యోగం వస్తుందో రాదో నేను చెప్పలేను. మనిషి మాత్రం కాస్త తేరుకున్నాడు.

30న సాయంత్రం చార్జి అప్పగించే కాగితం మీద సంతకం చేస్తా. ఆ కాగితంలో బండి తాళాలు, అలమర తాళాలు, ఫైళ్ల సంఖ్య ఉంటాయి. దాని కింద నా చేత్తో ఇంకో వరస రాస్తున్నా.. 'వాల్వుల రిజిస్టరు, ఒకటి.'

జూలై 1న పొద్దున్నే ఎప్పట్లా అయిదింటికి మెలకువ వస్తుంది. ఫోన్ వైపు చూస్తాననీ తెలుసు. ఎక్కడో ఒక పైపు పగిలే ఉంటుంది, మన దగ్గర పగలని రోజు లేదు. ఆ సెక్షన్లో ఏఈగా ఉన్న మీకు ఒక మాట. నా నంబరు మీ దగ్గరుంటుంది. అయినా ముందు నాకు ఫోన్ చేయకండి. రిజిస్టరు తీయండి. అందులో లేకపోతే అప్పుడు చేయండి. నేను చెబుతా, మీరు రాసుకోండి.

(వ్యాసకర్త తాగునీటి సరఫరా విభాగంలో జిల్లా స్థాయి ఇంజినీరింగ్ అధికారి. అభిప్రాయాలు వ్యక్తిగతం)